ప్రీమియం పిల్లాణ్ణి చూడదు, బండిని చూస్తుంది

(డ్రైవింగ్ వయసుకొచ్చిన పిల్లల తల్లిదండ్రుల కోసం విజయవాడలో చేసిన ప్రసంగం, మాట్లాడినది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా అండీ? సరే.

ఇక్కడికొచ్చిన చాలామందిది ఒకే ప్రశ్న. ఇంటర్ అయిపోయింది, పిల్లలు బీటెక్‌లో చేరారు. కానూరో, వడ్డేశ్వరమో, నంబూరో రోజూ వెళ్లి రావాలి. హైవే మీద లారీల మధ్య బైక్ మీద పంపడానికి మనసొప్పదు. ఒక కారు ఉంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది, పిల్లలకీ చెయ్యి తిరుగుతుంది. మరి పద్దెనిమిదేళ్ల కుర్రాడు నడిపితే ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుంది?

కారు మీ పేరు మీద ఉన్నంతవరకూ మీ అబ్బాయి నడుపుతున్నాడని ఒక్క రూపాయి పెరగదు.

మీకు ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడో, న్యూజెర్సీలో ఉన్న వదినగారో ఫోన్లో చెప్పుంటారు, మావాణ్ణి పాలసీలో చేర్చేసరికి ప్రీమియం చుక్కలంటిందని. అక్కడ అది నిజమే. అక్కడ ఇంట్లో నడిపే ప్రతి మనిషి వయసూ, రికార్డూ చూసి లెక్క కడతారు. మన దగ్గర ప్రైవేటు కారు పాలసీ లెక్కంతా బండి మీద. మీ పాలసీ కాగితం తీసి చూడండి, డ్రైవర్ అనే చోట నాలుగు లైన్లుంటాయి. ఎవరైనా నడపొచ్చు, నడిపే సమయానికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, నడపకుండా నిషేధం ఉండకూడదు, అంతే. ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, ఉన్నవాళ్లు కూడా నడపొచ్చు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 3 పాటిస్తే. అబ్బాయి పేరు ఎక్కడా రాయించక్కర్లేదు.

అలాగని ఖర్చు లేదనుకోకండి. అక్కడ ముందే తీసుకుంటారు, ఇక్కడ తర్వాత వసూలవుతుంది. బంపర్ పగిలినప్పుడు సగం డబ్బులు కోతపడి, ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్, అదీ పోయి, ఆ తర్వాత నాలుగైదేళ్లు ప్రీమియంలో కొంచెం కొంచెంగా పోతుంది. కాబట్టి మనం వెతకాల్సింది ప్రీమియం తక్కువున్న కారు ఒక్కటే కాదు. సొట్టపడితే తక్కువలో బాగయ్యే కారు. ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే.

ముందు వయసు సంగతి తేల్చేసి పక్కన పెడదాం. కారుకు పద్దెనిమిది నిండాలి. పదహారుకి ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే. పదిహేడున్నర, ఇంకో ఆరు నెల్లేగా, కాలనీలోనే కదా అని తాళాలు ఇచ్చేవాళ్లున్నారు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ఏం చెబుతుందంటే, మైనర్ నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఈ ఆఖరుది చాలామందికి తెలియదు. ఇక ఇన్సూరెన్స్ వైపు, మీ బండి డ్యామేజీకి పైసా రాదు. అవతలివాళ్లకి కంపెనీ కట్టినా, ఆ మొత్తం మీ దగ్గర తిరిగి వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తున్నాయి. లక్షల్లో ఉంటుంది అది.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టుకి వెళ్లొచ్చు. ఈ మధ్యకాలంలో రూల్ 3 ముఖ్యం. పక్కసీట్లో లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, అవసరమైతే బండిని ఆపగలిగేలా. వెనకసీట్లో నాన్నగారు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే కుదరదు. ముందూ వెనకా ఎల్ బోర్డు, తెలుపు మీద ఎరుపు. కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు. అద్దం మీద ఎర్ర టేపుతో గీసిన ఎల్ కాదండీ. లెర్నర్ లైసెన్స్ కూడా లైసెన్సే అని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ క్లెయిమ్ ఫారంలో పక్కన ఎవరున్నారని అడుగుతారు.

ఇప్పుడు డబ్బుల్లోకి వద్దాం. ప్రీమియం రెండు ముక్కలు. ఒకటి థర్డ్ పార్టీ, అవతలివాళ్లకి జరిగే నష్టానికి. రెండోది ఓన్ డ్యామేజ్, మీ బండికి. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ అయినా ఒకటే, బేరం లేదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు రాసుకోండి. 1000 సీసీ లోపు 2,094. వెయ్యి దాటి 1500 సీసీ దాకా 3,416. 1500 దాటితే 7,897. దీనిపైన 18 శాతం జీఎస్టీ. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి అదే పద్ధతి. అది 6,521, 10,640, 24,596. షోరూం కొటేషన్‌లో ఇన్సూరెన్స్ అంకె చూసి ఇంతా అని ఉలిక్కిపడేది అందుకే. అందులో మూడేళ్లది కలిసి ఉంది.

ఈ మెట్లు చూశారా? మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ తేడా ఏడాదికి 1,322 రూపాయలు. దానికోసం కారు మార్చుకోవడం దండగ. రెండో మెట్టు నుంచి మూడోదానికి 4,481. జీఎస్టీ కలిపితే 5,300 దగ్గర, ప్రతి ఏడాదీ. దీని గురించి ఆలోచించాల్సిందే. కంపెనీలు కొత్త కార్లకి ఎక్కువగా 1500 దాటకుండానే ఇంజన్లు చేస్తున్నాయి. ఇప్పటి క్రెటా పెట్రోల్ 1497 సీసీ, డీజిల్ 1493. ఇబ్బంది సెకండ్ హ్యాండ్‌లో. పాత వెర్నా 1.6, మొదటి తరం క్రెటా 1.6, వెంటో 1.6, ఇవన్నీ మూడో మెట్టు మీదున్నాయి. బండి చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటారు, రెన్యువల్ రోజున స్కార్పియో ఉన్నాయన కట్టినంత కడతారు. ఆర్సీలో క్యూబిక్ కెపాసిటీ అని ఉంటుంది, అడ్వాన్స్ ఇచ్చేముందు అది చూడండి.

ఇంకో తమాషా. సీసీ తక్కువంటే చిన్న కారనే కాదు. కుషాక్‌లో చిన్న టర్బో ఇంజన్ 999 సీసీ, అంత బండికి థర్డ్ పార్టీ 2,094. వ్యాగన్ఆర్ 1.2 ఇంజన్ 1197 సీసీ, దానికి 3,416. అయితే ఆ టర్బో ఇంజన్ పికప్ కొత్త కుర్రాడి కాలికింద పెట్టాలా అన్నది ఇన్సూరెన్స్ ప్రశ్న కాదు, మీ ఇంటి ప్రశ్న. నన్నడిగితే వద్దంటాను.

కరెంటు కార్లకు సీసీ ఉండదు, మోటారు కిలోవాట్లు చూస్తారు. 30 లోపు 1,780, 30 నుంచి 65 దాకా 2,904, 65 దాటితే 6,712. బ్యాటరీ కిలోవాట్ అవర్లు కాదు, మోటారు శక్తి. టియాగో ఈవీ రెండో మెట్టులో ఉంటుంది, నెక్సాన్ ఈవీ మూడో మెట్టులో.

ఓన్ డ్యామేజ్ దగ్గర కంపెనీకీ కంపెనీకీ తేడా వస్తుంది. ఇది ఐడీవీ మీద లెక్క. ఐడీవీ అంటే ఇన్సూరెన్స్ వాళ్లు మీ బండికి కట్టే విలువ. కంపెనీ ధరలోంచి ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకోవడమే. మీరు కట్టిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఇందులో ఉండవు. పాత టారిఫ్, అంటే ఒకప్పుడు అన్ని కంపెనీలకీ ఒకటే ఉన్న రేట్ల పట్టిక, దాని ప్రకారం దేశాన్ని రెండు జోన్లు చేశారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి ఎనిమిది నగరాలు ఏ జోన్, మిగతా దేశమంతా బీ జోన్. మన విజయవాడ, గుంటూరు బీ జోన్. ఐదేళ్ల లోపు, 1000 నుంచి 1500 సీసీ కారుకు ఇక్కడ 3.191 శాతం, హైదరాబాద్‌లో 3.283.

లెక్క వేద్దాం. ఎనిమిది లక్షల కారు, ఐడీవీ 7,60,000. 3.191 శాతం అంటే సుమారు 24,250. ఈ అంకె ఎవరూ కట్టరు. 2007లో టారిఫ్ ఎత్తేశాక కంపెనీలు దీనిమీద డిస్కౌంట్ ఇస్తున్నాయి. 60 శాతం ఇచ్చారనుకోండి, 9,700. అందుకే ఒకే కారుకు షోరూంలో ఒక రేటు, బయట ఇంకో రేటు. షోరూం పాలసీయే తీసుకోవాలన్న రూలేమీ లేదు. కానీ పోల్చేటప్పుడు ఐడీవీ ఒకటేనా చూడండి. ఏజెంట్ మూడు వేలు తగ్గించాడంటే, కొన్నిసార్లు ఐడీవీని లక్ష తగ్గించి ఉంటాడు. బండి దొంగతనానికి పోతే, పూర్తిగా నుజ్జయితే, మీ చేతికొచ్చేది ఆ లక్ష తక్కువతోనే.

ఇంకో కత్తెర ఉంది. అవతలివాళ్ల ఆస్తి నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో 7,50,000 రూపాయల దాకా కవర్ ఉంటుంది. దాన్ని 6,000కి తగ్గించుకుంటే థర్డ్ పార్టీలో వంద రూపాయలు తగ్గుతుంది. వంద! బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో మీ అమ్మాయి ముందున్న ఫార్చ్యూనర్‌కి తగిలించిందనుకోండి, ఆరు వేలతో దాని వెనక లైటు కూడా రాదు. పాలసీలో ఆ అంకె చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, సొట్టల లెక్క. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు పెద్ద యాక్సిడెంట్లు చేసేది తక్కువ, చిన్నవి చేసేది ఎక్కువ. బ్రాడీపేట లైన్లలో రివర్స్ తీస్తూ కరెంటు స్తంభానికి, వన్‌టౌన్ సందుల్లో ఆటోకి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి. తగిలేది బంపర్, ఫెండర్, అద్దం, హెడ్‌లైట్. వీటిలో ఎక్కువ ప్లాస్టిక్. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి సగమే ఇస్తారు, కారు నిన్న కొన్నదైనా సరే. ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం కోత. గాజుకి కోత లేదు. ఇనుప భాగాలకి వయసును బట్టి, ఆరు నెలల దాకా ఏమీ లేదు, రెండో ఏడు 10 శాతం, మూడో ఏడు 15, అలా పెరుగుతూ ఐదేళ్లు దాటాక 40. పెయింట్‌లో మెటీరియల్‌కి సగం కోత, పెయింటింగ్ మొత్తం ఒకే బిల్లుగా ఇస్తే అందులో నాలుగో వంతు మెటీరియల్‌గా లెక్కేస్తారు. వీటన్నిటి మీదా తప్పనిసరిగా మీరు భరించేది 1500 సీసీ దాకా వెయ్యి, దాటితే రెండు వేలు.

ఉదాహరణకి బంపర్ 8,000, పెయింటింగ్ 4,000, విప్పి బిగించే కూలి 1,500, మొత్తం 13,500 అనుకుందాం. బంపర్‌లో 4,000 కోత. పెయింటింగ్‌లో 500. తప్పనిసరి వాటా 1,000. మీకొచ్చేది 8,000.

బాగానే ఉంది కదా? ఇప్పుడు ఎన్‌సీబీ చూడండి. క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వరసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గిస్తారు. ఒక్క క్లెయిమ్‌తో సున్నా. మీరు ఇప్పుడు 25 శాతంలో ఉన్నారనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే రాబోయే ఐదేళ్లు 35, 45, 50, 50, 50. చేస్తే 0, 20, 25, 35, 45. ఏ ఏటికాయేడు తేడా తీసి కూడండి. 35, 25, 25, 15, 5. మొత్తం 105. అంటే మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఒక ఏడాదిది పూర్తిగా, ఇంకొంచెం పైన. డిస్కౌంట్ పోగా ఎన్‌సీబీకి ముందు మీ ప్రీమియం 9,000 అయితే 9,450 పోతుంది, జీఎస్టీ అదనం. 8,000 తెచ్చుకోవడానికి 9,450 పోగొట్టుకున్నారు. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు అంకె కాస్త తక్కువుంటుంది, కానీ లాభమైతే లేదు. ఇప్పటికే 50 శాతంలో ఉన్నవాళ్లకి ఇదే లెక్క 125 శాతం వస్తుంది.

కాబట్టి గ్యారేజీవాడు ఎస్టిమేట్ ఇవ్వగానే, కోతలన్నీ పోను చేతికొచ్చేదెంత అని అడగండి. అది ఎన్‌సీబీకి ముందున్న మీ ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంకి ఒకటింపావు రెట్లు దాటకపోతే ఆటోనగర్ తీసుకెళ్లి టింకరింగ్, పెయింటింగ్ చేయించుకోండి. బంపర్ చీలితే మార్చక్కర్లేదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి పెయింట్ వేస్తారు. క్లిప్పులు ఊడిపోతేనే మార్చాలి.

ఇక్కడే బంపర్ టు బంపర్ సంగతి వస్తుంది. దాని అసలు పేరు జీరో డిప్రిసియేషన్, పాలసీకి అదనంగా డబ్బు కట్టి తీసుకునే యాడ్ఆన్. ఇది తీసుకుంటే ఆ కోతలు ఉండవు, మన ఉదాహరణలో 12,500 వస్తుంది. కొత్త డ్రైవర్ ఉన్న ఇంటికి మొదటి రెండేళ్లు ఇది తీసుకోవాల్సిందే. కానీ ఎన్‌సీబీ దీనితోనూ పోతుంది, మరిచిపోకండి. దాన్ని కాపాడేది వేరే యాడ్ఆన్. చాలా కంపెనీలు జీరో డిప్ క్లెయిములు ఏడాదికి రెండింటికే పరిమితం చేస్తాయి, పాలసీలో చూసుకోండి. తాళం చెవి పోతే, టైరు పగిలితే అంటూ అంటగట్టే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. వాలంటరీ డిడక్టబుల్ అని ఒకటి చెబుతారు, మీ వాటా పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుందని. పాత టారిఫ్‌లో 2,500 మీరు భరిస్తే తగ్గేది 20 శాతం, అదీ 750కి మించకుండా. చెయ్యి తిరిగినవాళ్లకి సరే, పిల్లలు నేర్చుకునే ఏడాది వద్దు.

ఇంజన్‌లోకి నీళ్లు చేరి అయ్యే నష్టానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ ఉంది, అది మాత్రం విజయవాడలో ఉన్నవాళ్లు తీసుకోండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు ఎలా మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి ఏమీ రాదు. ఫుల్ పాలసీలో, అంటే ఓన్ డ్యామేజ్ కూడా ఉన్నదాంట్లో, వరద నష్టం ఉంది, కానీ నీళ్లు దిగాక తాళం తిప్పి స్టార్ట్ చేస్తే, ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్లోకి చేరిన నీరు పిస్టన్ పైకొచ్చినప్పుడు నలగదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద చేసిన నష్టం కాదు, మీరు చేసింది అంటారు. పిల్లలకి ఇది ముందే చెప్పి ఉంచండి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. నీటి గుర్తు కనపడేలా ఫొటోలు, బ్యాటరీ నెగటివ్ తీసెయ్యడం, కంపెనీకి ఫోన్, తర్వాత టోయింగ్ బండి. తోసి స్టార్ట్ చెయ్యడం అసలే వద్దు.

కారు ఎవరి పేరున కొనాలి? పుట్టినరోజు కానుకగా పిల్లాడి పేరున రాయిద్దామని సరదా ఉంటుంది. ఆగండి. ఎన్‌సీబీ బండిది కాదు, మనిషిది. మీ పాత కారు మీద 50 శాతం సంపాదించుకుని ఉంటే, అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోండి, మూడేళ్లలోపు మీ పేరున కొన్న కొత్త కారుకు వాడుకోవచ్చు. మీరు బతికుండగా మీ అబ్బాయికి అది రాదు. ఎనిమిది లక్షల కారు మీద సగం ఓన్ డ్యామేజ్ అంటే నాలుగున్నర వేల పైమాటే, మొదటి ఏడాదే.

మీ పేరున కొంటే ఇంకో చిక్కుంది, ఏజెంట్లు చెప్పరు. ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా అని 15 లక్షలది తప్పనిసరిగా కడతారే, అది ఆర్సీలో పేరున్న యజమానికి మాత్రమే. అబ్బాయి నడుపుతూ తనే పొరపాటున డివైడర్‌ని గుద్దితే, ఆ 15 లక్షలు అబ్బాయికి వర్తించవు. థర్డ్ పార్టీ కిందా రాదు, ఎందుకంటే యజమాని దగ్గర బండి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకే వస్తాడని సుప్రీంకోర్టు 2009లోనూ, 2020లోనూ చెప్పింది. దీనికి మందు, పాలసీలో అబ్బాయి పేరు పెట్టి పర్సనల్ యాక్సిడెంట్ చేర్పించడం. టారిఫ్‌లో అది రెండు లక్షల దాకానే. రెండు లక్షలు దేనికీ చాలవు కాబట్టి పిల్లాడి పేరున విడిగా ప్రమాద బీమా పాలసీ తీసుకోవడం మేలు. నడిపే ప్రతి పిల్లకీ పిల్లాడికీ.

సరే, ఏ కారు? పేరు చెప్పమంటారు. నేను ముందు తేదీ చెప్తాను. సెకండ్ హ్యాండ్ అయితే 2019 జూలై తర్వాత తయారైంది చూడండి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సార్లు, సీట్ బెల్ట్ గుర్తుచేసే మోత, 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా వచ్చే బీప్, ఇవన్నీ ఆ జూలై 1 నుంచి తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అంతకు మూడు నెలల ముందే వచ్చింది. పక్కసీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ కావాలంటే 2022 బండ్లు చూడండి. గుద్దించి చూసే క్రాష్ టెస్టుల్లో ఇచ్చే నక్షత్రాలు చూసేటప్పుడు ఏ తరం కారుకి ఇచ్చారో చూడాలి. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు ఐదు వచ్చాయి, మీకు దొరికే 2020 డిజైర్‌కి ఆ ఐదూ అంటించుకోలేం.

కొత్తదైతే టాప్ వేరియంట్ వద్దు. ఎల్ఈడీ హెడ్‌లైట్ పగిలితే యూనిట్ మొత్తం మార్చాలి, హాలోజన్‌దైతే అందులో చిన్న వంతు. అద్దంలో కెమెరా, బంపర్‌లో రాడార్ ఉంటే బంపర్ మార్చాక వాటిని మళ్లీ సెట్ చేయించాలి. సన్నటి టైరుతో పెద్ద అల్లాయ్ గుంటలో పడితే రిమ్ము పోతుంది. ఇవన్నీ ధర పెంచి ఐడీవీ పెంచుతాయి, సొట్ట ఖర్చూ పెంచుతాయి. కొన్ని కంపెనీలు కింది వేరియంట్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా అదుపులో ఉంచే ఈఎస్‌సీ ఇస్తున్నాయి. అలాంటి 1.2 పెట్రోల్ కారు, కింది నుంచి రెండో వేరియంట్, తెల్ల రంగు. నవ్వకండి, మామూలు తెలుపులో ఒక ప్యానెల్ పెయింట్ వేస్తే కలిసిపోతుంది. మూడు పొరలు వేసే పెర్ల్ రంగులో షేడ్ కలవక పక్క డోరు కూడా వెయ్యాలంటారు. కొనేముందు ఆటోనగర్‌లో ముందు బంపర్, హెడ్‌లైట్, ఫెండర్, డోరు అద్దం, ఈ నాలుగింటి రేటూ అడిగి రండి. ఐదు నిమిషాల పని.

ప్రశ్నలు తీసుకుందాం.

"సెకండ్ హ్యాండ్ కారుకి పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది, చాలదా?" థర్డ్ పార్టీ వరకు మీకు బదిలీ అయినట్టే చట్టం లెక్క. ఓన్ డ్యామేజ్ కాదు. కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి రాసి మీ పేరున మార్పించుకోవాలి. అమ్మినాయన ఎన్‌సీబీ మీకు రాదు, ఆ తేడా కట్టించుకుంటారు. యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకుంటే ఆర్సీ మారదు.

"సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే?" పెట్టించండి, కానీ ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కించండి. కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీలో 60 రూపాయలు అదనం, అంతే. ఎక్కించకపోతే మంట అంటుకున్న రోజున మొత్తం క్లెయిమే ఇరుక్కుంటుంది.

"ఫ్రెండ్ నడిపితే?" లైసెన్స్ ఉంటే పాలసీ చెల్లుతుంది. డబ్బులు తీసుకుని అద్దెకిస్తే చెల్లదు, రేసు పెట్టినా చెల్లదు. తాగి నడిపితే మీ బండికి పైసా రాదు.

"లైసెన్స్ లేనప్పుడు తగిలిస్తే, నేనే నడిపానని రాయొచ్చా?" ఇది అడగాలని చాలామందికి ఉంది, ఒక్కరు అడిగారు. వద్దండీ. దారిపొడవునా సీసీ కెమెరాలున్నాయి, కాజ టోల్ గేటు దగ్గర కూడా. అబద్ధం బయటపడితే క్లెయిమ్ మొత్తం పోయి, మోసం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

"ఇంట్లో పాత కారుంది. అమ్మేసి కొత్తది తియ్యమంటారా?" ఈ ప్రశ్నకే చూస్తున్నాను. అమ్మకండి, ఆరు నెలలు ఆగండి. మొదట డ్రైవింగ్ స్కూల్ కారులో, మాస్టారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి కాబట్టి. తర్వాత మీ పాత కారులో. దాని పాలసీ వదలకండి, గడువు తీరి 90 రోజులు దాటితే ఎన్‌సీబీ పోతుంది. దానికి పడే గీతలకి క్లెయిమ్ పెట్టకండి, పెయింట్ కూడా వేయించకండి. పిల్లాడు వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి, అరండల్‌పేటలో పార్క్ చేసి, కొత్త గీత లేకుండా తిరిగొచ్చిన వారం చూసి, అప్పుడు ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారు మీ పేరున బుక్ చెయ్యండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఆర్సీ జిరాక్సులు తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి, సీసీ, తయారైన నెల చూసి చెప్తాను.